మూడు చుక్కలు, ఒక మెలిక

కూసో ఇట్టా, నా ఎదురుగా. ఆ ఫోను బోర్లా పెట్టు. నోటుపుస్తకం తీసుకో. నేను చెప్పింది చెప్పినట్టే రాయాల, మధ్యలో దిద్దబాక. నేను ఒక మాట రెండుసార్లు అంటే రెండుసార్లూ రాయి.

ఇందాక ఫోనులో కొలంబో తీసి చూపించినావు గదా. వచ్చే నెల ఆఫీసు పిల్లలతో పోతా ఉండామని, 'ఈ నీలం గీత పట్టుకుని నడిస్తే చాలు అమ్మమ్మా, దారి తప్పేదే లేదు' అని. నువ్వు నవ్వతా అన్నావు గానీ నాకు గుండెలో కలుక్కుమన్నది. అందుకే కూసోమన్నా. నేను చిన్నప్పుడు కొలంబో పోయినానని మన ఇంట్లో అందరికీ తెలుసు. ఆడ నేనేం చేసినానో మాత్రం ఒక్కరికీ తెలియదు. మీ తాతకి కూడా చెప్పలా.

నాకప్పుడు తొమ్మిదో పదో. మా నాయనకి ఒక అక్క. నాకు మేనత్త. పెళ్లయిన రెండేండ్లకే మొగుడూ పెళ్లాం మాటామాటా అనుకున్నారు. దేని గురించో నన్నడగబాక, నాకు తెలియదు, వాళ్లకే గుర్తున్నట్టు లేదు. మామ మద్రాసు పోయి ఓడ ఎక్కేసినాడు, వంటమనిషిగా. అత్త మా ఇంటికి వచ్చేసింది. నేను చెప్పే నాటికి అది జరిగి నాలుగేండ్లు.

అత్త ఎట్టా ఉండేదంటే, పొట్టిగా, గట్టిగా, మాట ముందు, మనిషి వెనక. చిట్టమూరు పక్కన మా ఊళ్లో ఆమె ముగ్గుకి ఎదురు లేదు. తెల్లారి లేస్తే మా గుమ్మం ముందరే కాదు, వీధంతా ఆమె చెయ్యే. ఇంకో సంగతి. ఆమెకి తూర్పు, పడమర అనే మాటలే లేవు. 'బిందె యాడ పెట్టినావత్తా' అంటే 'సముద్రం పక్క గోడకి' అనేది. మాకు పొద్దు పొడిచేది సముద్రంలోనే గదా. గాలి అటునించి వస్తే ఎండుచేపల వాసన ఇంట్లోకే వచ్చేది.

మామ కాడ నించి జాబు వచ్చింది. అత్తకి చదువు రాదు. నాయన చదివినాడు, నేను తలుపు సందులో నిలబడి విన్నా. మా ఓడ ఫలానా తారీఖుకి కొలంబోలో ఉంటాది, నాలుగ్గంటలకి మళ్లీ మూడేండ్ల పనికి సంతకం పెట్టాల. నువ్వు వచ్చి రమ్మంటే దిగి వచ్చేస్తా. జాబులో రమ్మంటే మాత్రం రాను, జాబు ఎవరైనా రాస్తారు. నీ నోటితో నువ్వు రమ్మనాల. ఇదీ జాబు. కింద ఇంకొక మాట కూడా ఉండింది: 'ఓడలో అందరికీ నేను వండిపెడతా ఉండా, నాకు వండిపెట్టే వాళ్లు లేరు.'

అది విని అత్త లేచి వంటింట్లోకి పోయింది. ఏడస్తదేమో అని నేను వెనకే పోయినా. లేదు, ఎండురొయ్యలు తీసి చాటలో పోస్తా ఉంది. మామకి ఎండురొయ్యల పొడి అంటే ప్రాణమంట. మిరపకాయలు, వెల్లుల్లి వేసి దంచి, జాడీలో కూరి, మూతికి గుడ్డ కట్టింది. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ములే.

నాయన కాగితాలకి నెల్లూరు, మద్రాసు ఎన్నిసార్లు తిరిగినాడో. నేను ఏడ్చి ఏడ్చి, అన్నం మానేసి, నన్నూ తీసకపొమ్మని పట్టుబట్టినా. పోకుండా ఉంటే ఎంత బాగుండు. సరే, రాయి.

రామేశ్వరం ఇవతల మండపం అనే ఊళ్లో, సముద్రం దాటేవాళ్లకని పెట్టిన క్యాంపులో మమ్మల్ని పెట్టినారు. మందు వాసన, సున్నం వాసన. మూడు దినాలు అక్కడే. అందరికీ టీకాలు పొడిచినారు. ఆడనించి స్టీమరు, ఆ తర్వాత మళ్లీ రైలు. అధికారి ఒకాయన జాడీ మూతి గుడ్డ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, తుమ్మి తుమ్మి కళ్లనీళ్లు కార్చి, 'పో, పో' అన్నాడు. అత్త అంది, 'చూడరా తమ్ముడా, మీ బావ కాడికి పోవాలని దీనికెంత తొందరో!'

కొలంబోలో శెట్టియార్ల వీధిలో ఒక సత్రంలో దిగినాం. జాబులో రాసినట్టు మామ రావాల్సింది మరసటి రోజు మూడింటికి, జెట్టీ గేటు కాడికి. అందుకని మొదటి రోజు దారి చూసుకుందామని నాయన మమ్మల్ని నడిపించినాడు. బండెక్కేది లేదు, మాకు నమ్మకం లేదు, యాడకి తీసకపోతారో అని.

అబ్బ, ఆ నడక! ఎర్ర ఇటుక, తెల్ల ఇటుక కలిపి గళ్లలుంగీ మాదిరి కట్టిన మసీదు. వీధంతా దాల్చినచెక్క, యాలకులు, ఎండు కొబ్బరి. నెత్తి మీద రెండు కొమ్ములు పెట్టుకుని, వాటిని తీగలకి తగిలించుకుని పోయే బస్సు. అంగళ్ల మీద రాతలు చూస్తే మన తెలుగే ఎవరో నానబెట్టినట్టు ఉబ్బి ఉండాయి. నేను కూడబలుక్కుని చదవబోయినా, ఒక్కటీ రాలేదు. ఒక చోట అప్పం తిన్నాం, మధ్యలో గుడ్డు. అత్త తిప్పి తిప్పి చూసి, 'ఇదేందిరా, దోశకి గిన్నె కావాలని ఆశ పుట్టినట్టుంది' అంది. నాయన నవ్వినాడు. అయినా రెండు తిన్నది ఆమె.

ఇప్పుడు అసలు సంగతి. అత్త కొంగున సుద్దముక్క ఒకటి కట్టుకుని వచ్చింది. సత్రం గడప దాటినప్పటి నించీ, ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ, తిరిగిన పక్క గోడకి, అడుగున, ఉమ్మి తడి చేసి ఒక గుర్తు వేస్తా వచ్చింది. మూడు చుక్కలు, చుట్టూ ఒక మెలిక. చెయ్యి ఎత్తకుండా ఒక్క దెబ్బలో వేసేసేది. నాయనకి సిగ్గు.

'అక్కా, ఇదేమన్నా మన వాకిలా? పోలీసోడు చూస్తే తంతాడు.'

'తన్నితే నన్నే తంతాడు, నీకేంది? రేపు నువ్వు తప్పిపోయినా నా ముగ్గు తప్పదు.'

గడియారం స్తంభం కాడ నాలుగు దారులు కలస్తాయి. ఆడ కుడికి తిరిగితే జెట్టీ. అప్పటికి అత్తకి మోకాళ్లు పట్టేసినాయి, వంగలేక సుద్ద నా చేతికిచ్చి, 'ఈ మూల నువ్వెయ్యి మే' అని, నాయనతో ముందుకి పోయింది.

నేను వెనకబడినా. ఎందుకంటే, ఎడమ పక్క వీధిలో కొంచెం దూరాన ఒక పెద్ద అద్దాల అంగడి ఉంది. ఇంతకుముందే నాయన దాన్ని చూపించి, లోపల మనుషుల్ని పైకెత్తే గది ఉందన్నాడు. ఇనప జల్లెడ తలుపు. లోపలికి పోతే గది గదంతా పైకి లేస్తదంట. నేను ఎక్కతానంటే, 'మనం వచ్చింది ఎందుకు, నువ్వు అడిగేదేంది' అని కసిరినాడు. ఆ గది నా తలలోంచి పోలేదు.

సుద్ద తీసినా. కుడి పక్క గోడకి వెయ్యాల. నేను ఎడం పక్క గోడకి వేసినా.

రాసినావా? ఎడం పక్క అని రాసినావా? సరే.

నా యుక్తి ఏందంటే, రేపు నాయనకి దారి గుర్తున్నా అత్త తన ముగ్గునే నమ్ముతాది, ఇటే పోదామని మొండికేస్తాది. ఒక్కసారి ఎక్కేసి దిగతా. దిగినాక 'అత్తా, పొరపాటు, అటు' అని నేనే చెప్తా. జెట్టీ యాడికి పోతాది? ఇంతే. ఇంత చిన్న యుక్తి.

మరసటి రోజు నాయనకి టీకా జ్వరం. చెయ్యి ఇంత లావు వాచింది, పడక మీద నించి తల ఎత్తలేడు. 'నీ ముగ్గులు పట్టుకుని పో అక్కా, పిల్ల తోడుంటాది. బావని ఇటే తీసకరా' అన్నాడు. ముందు రోజు ఎగతాళి చేసినోడే.

అత్త ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టింది. తలలో కనకాంబరాలు. చంకన జాడీ. ఆమె అంత అందంగా ఉండటం నేను మళ్లీ చూడలా. నడస్తా నడస్తా ప్రతి గుర్తుకీ ఒక మాట చెప్తాది, 'అదిగో, పిలస్తా ఉంది చూడు' అని. గడియారం కాడికి వచ్చినాం. ఎడం పక్క మూడు చుక్కలు. అత్త ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎడమకే తిరిగింది.

అంగడి కాడ నేను ఆమె కొంగు పట్టుకున్నా. 'అత్తా, రెండు కూడా కాలేదు, ఒక్కసారి ఎక్కుదాం అత్తా.' ఆ రోజు ఆమె ఏమడిగినా ఇచ్చేసేదే. యూనిఫారం వేసుకున్న మనిషి జల్లెడ తలుపు తీసి, రమ్మని దండం పెట్టినాడు. గది కదలంగానే అత్త జాడీని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, 'పెంచలయ్యా, పెంచలయ్యా' అని ఒకటే జపం. పైన తలుపు తీసినాక కళ్లు తెరిచి, కిందకి చూసి, నవ్వింది చూడూ! నోరంతా తెరిచి నవ్వింది. 'మే, ఇది మీ మామకి చెప్పాల. ఇది చెప్తే ముందు నవ్వేస్తాడు, తర్వాత ఏమడిగినా వస్తాడు' అంది.

అది ఇప్పటికీ నా చెవిలో ఉంది.

దిగి బయటకి వచ్చినాం. వీధి వేరే. ఆ అంగడికి రెండు వీధుల్లోకి రెండు తలుపులని నాకేం తెలుసు? గడియారం స్తంభం యాడా కనబడలా, అన్నీ ఎత్తైన మేడలే. నాలుగు సందులు తిరిగినాం. అత్త ఒక మూల చూసింది, ఇంకో మూల చూసింది. యాడా తన ముగ్గు లేదు. వెనక్కి పోదామంటే ఏ సందులోంచి వచ్చినామో తెలియలా. అప్పుడు నా ముందర వంగి, నిదానంగానే అడిగింది.

'మే, నిన్న ఆ మూల సరిగ్గా వేసినావు గదా?'

'వేసినా అత్తా.'

'నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు.'

పెట్టినా. కనకాంబరాలు తగిలినాయి చేతికి. 'సరిగ్గానే వేసినా' అన్నా.

ఆడ నిజం చెప్పి ఉంటే, గడియారం ఎక్కడని ఎవరినైనా అడిగి, అది చూసుకుని కుడికి తిరిగితే అయిపోయేది. అప్పటికింకా ఎంతో పొద్దుంది. నేను తన్నులకి భయపడి కాదు, అత్త నన్ను ఎప్పుడూ కొట్టలా. ఆ నవ్వు పోతాదని భయం. అంత మంచి నవ్వు నవ్వి ఇంకా చల్లారలా, దాన్ని ఎట్టా చెరిపేది? ఇట్టా అని నాకు నేను చెప్పుకుంటా. నిజంగా అదేనా, నాకే తెలియదు.

ఇంక అత్త ధైర్యం తెచ్చుకుంది. 'అయితే సరైన దారిలోనే ఉండాం. ఇంకా ముందుకి పోవాల. సముద్రం తెలియదా మనకి? మధ్యాన్నం దాటింది, ఎండకి వీపు పెట్టి నడువు, అదే వస్తాది' అంది. మన ఊళ్లో మధ్యాన్నం మీద ఎండకి వీపు పెడితే ఎదురుగా సముద్రమే గదా. నడిచినాం. వీపు కాలిపోతా ఉంది. జాడీ చేతులు మారతా ఉంది. అడిగిన వాళ్లకి మా మాట అర్థం కాలా, వాళ్లు చెప్పింది మాకు అర్థం కాలా. చాలా దూరం పోయినాక సందు చివర నీళ్లు తళుక్కుమన్నాయి. పడవలు కూడా ఉండాయి.

'అదిగో మే!' అని అత్త పరుగు.

ఒడ్డుకి పోయి, నిలబడి, అటూ ఇటూ చూసింది. ఓడ లేదు. అలలు లేవు. వంగి ఒక వేలు ముంచి నాలుకకి రాసుకున్నది. 'ఉప్పు లేదే' అంది.

ఆడ గుడ్డలు ఉతికే అరవామె ఒకామె ఉంటే, అత్త వచ్చీరాని అరవంలో సముద్రం అడిగింది. ఆమె మేము వచ్చిన దిక్కుకే చెయ్యి చూపించి, సముద్రం పడమట గదమ్మా, ఇది చెరువు అన్నది.

'పడమటేంది? సముద్రం పడమట ఉండేదేంది?' అని అత్త ఆమెతో పోట్లాడినట్టే అడిగింది. ఆమె పాపం సూర్యుడిని చూపించి, రోజూ అందులోనే గదమ్మా దిగేది అన్నది. అత్త సూర్యుడిని చూసింది. అప్పుడు పరిగెత్తింది. చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, ఆ మోకాళ్లతో, జాడీతో. నేను వెనక. 'అత్తా, ఆగు' అని ఏడస్తా. ఆగలా.

గడియారం స్తంభం కాడికి చేరేసరికి అది నాలుగు కొట్టింది. మేము దాని కిందనే ఉండాం. ఒక్కొక్క దెబ్బా నా నెత్తి మీద పడినట్టుంది.

జెట్టీ గేటు కాడ మామ లేడు. నారింజపండ్లు అమ్మే ముసలామె ఉంది, కొంచెం తెలుగు వచ్చు. అత్త అడక్కుండానే ఆమె అడిగింది, 'నెల్లూరమ్మవా?' అని.

'ఇందాక పోయినాడమ్మా. మూడింటికి ముందే వచ్చినాడు. రేకుపెట్టె దించుకుని దాని మీదే కూసున్నాడు. రెండుసార్లు వీధి మొదల దాకా పోయి చూసొచ్చినాడు. నా కాడ పండు తీసుకుని తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. గంట కొట్టినాక పెట్టె భుజానికెత్తుకుని లోపలికి పోయినాడు.'

పెట్టె అన్నది అత్త చెవిలో పడిందో లేదో అని ఆమె మళ్లీ అంది, 'ఊరికే చూసిపోయేటోడు పెట్టె తెచ్చుకోడు తల్లీ.'

అత్త గేటు ఊచలు పట్టుకుని మామ పేరు పెట్టి కేక వేసింది. మొగుడి పేరు, నలుగురిలో! మా ఇండ్లల్లో ఆడవాళ్లు ఆ పని చచ్చినా చెయ్యరు. ఒకసారి కాదు, గొంతు పోయేదాకా. కాపలావాడు మమ్మల్ని లోపలికి పోనీలా. పాపం జాడీ మాత్రం తీసుకున్నాడు, ఓడ కాడికి పోయే పడవలో ఇస్తానని. ఇచ్చినాడు కూడా.

తిరిగొచ్చేటప్పుడు గడియారం కాడ అత్త ఆగింది. ఎడం పక్క గోడ ముందర గొంతుక్కూసుంది. నా గుర్తు మీద వేలు పెట్టి మెలిక వెంబడి నిదానంగా తిప్పింది. నేను ఎడమచేతి వాటం, నీకు తెలుసు గదా. నా మెలిక ఆమెది తిరిగినట్టు తిరగదు, ఎదురు తిరగతాది. ఆ సంగతి నాకు పెద్దయినాక తట్టింది. ఆమెకి అక్కడే తట్టిందేమో. కొంగుతో దాన్ని తుడిచేసింది. లేచి నా చెయ్యి పట్టుకుంది. సత్రం దాకా వదల్లా.

సత్రంలో నాయన అడిగితే, 'నా ముగ్గే తప్పిందిరా' అంది.

ఊరికి వచ్చినాక మామకి జాబు రాయాల. నాయన రాస్తానంటే వద్దని, నన్ను కూసోబెట్టింది. ఇదిగో, ఇప్పుడు నువ్వు కూసున్నట్టే. ఆమె చెప్తా ఉంది, నేను రాస్తా ఉండా. వచ్చినాను, దారి తప్పినాను, గంట కొట్టినాక చేరినాను. తర్వాత 'తప్పు నాదే అని రాయి' అంది. నా చెయ్యి ఆగిపోయింది. ఆమె నన్నే చూస్తా ఉంది. 'రాయి. ఆగినావేం?' అంది. రాసినా. నా రాతతో, నా చేత్తో, తప్పు నాదే అని, ఆమె మాటగా రాసినా.

మామ దానికి జవాబు రాయలా. జాబు ఎవరైనా రాస్తారని ముందే చెప్పినోడు గదా.

మూడేండ్లు కాదు, ఆరేండ్లకి వచ్చినాడు. తల నెరిసి, పండ్లు ఊడి. అత్తతో మంచిగానే ఉండినాడు, కాదన్లేను. కానీ పిల్లలు లేరు. కాలం దాటిపోయింది. ఎప్పుడన్నా కోపమొస్తే ఒకటే మాట అనేవాడు, 'జాడీ వచ్చింది, మనిషి రాలేదు' అని. వీధంతా ముగ్గులు వేసే దానివి, నువ్వు దారి తప్పినావంటే నేను నమ్మాల్నా, తమ్ముడి చేత జాడీ పంపించి సత్రంలో కూసున్నావు అనేవాడు. నేను అప్పటికి పదహారేండ్ల దాన్ని. ఒకసారి వాళ్లిద్దరి మధ్య నిలబడి మజ్జిగ పోస్తా ఉండా, ఆయన ఆ మాట అన్నాడు. నేను నోరు తెరిచినా. అత్త నా వైపు చూసి, రవ్వంత తల అడ్డం తిప్పింది. నేను మజ్జిగ పోసేసినా.

ఆ తల తిప్పడం నన్ను కాపాడను తిప్పిందో, నేను తప్పుగా చూసినానో. అడగలా. అడిగితే నేనే చెప్పాల్సొస్తాది గదా. నా పెండ్లిలో వాకిట ముగ్గు ఆమే వేసింది. పురుళ్లు రెండూ ఆమే పోసింది. మీ అమ్మని ముందు ఎత్తుకుంది ఆ చేతులే. మామ పోయినాడు, ఆ వెనకే ఆమె పోయింది. ఆయన నమ్మకుండానే పోయినాడు.

అందుకే, నువ్వు ఆ ఊరు పోతే ఒక పని చెయ్యి. గడియారం స్తంభం ఇంకా ఉంటాదిలే, అట్టాంటివి పడిపోవు. ఇప్పుడు నేను రాయించే కాగితం నీ వెంట తీసకపోయి, ఆ ఎడం పక్క గోడ కాడ నిలబడి చదువు. ఇప్పుడు చెప్పేది విడిగా రాయి, పెద్ద అక్షరాలతో. మామా, ఆ రోజు అత్త వచ్చింది. నీకు నవ్వుతా ఒక మాట చెప్పాలని వచ్చింది. ఆమె ముగ్గు తప్పలేదు. ఆ మూల ఎడం పక్క గోడకి గుర్తు వేసింది...

అదిగో, మీ అమ్మ. ఏందే? చేపల పులుసు చల్లారిపోతాదా? చల్లారనియ్యి! ఒక్క మాటే... సరేలే, వస్తన్నా, కంచం పెట్టు, వస్తన్నా. రాసినావా యాడిదాకా? గుర్తు వేసింది, అంతవరకేనా? పక్కనే రాయి, వేసింది నేను.